సముద్రము లేని యూరినుండి సముద్రవార్తలు

పరిగినుండి యొక సోదరి మాకు నాలుగుపుటల లేఖ వ్రాసినారు. పరిగి యనగా హిందూపురమునకు చేరువనున్న పరిగి. మొన్నమొన్నటివరకు అనంతపురము జిల్లాలోనిది, 2022 ఏప్రిల్ నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. వికారాబాదు జిల్లాలో నింకొక పరిగి కలదు. ఆ యూరి చదువరులు తమ వంతు వచ్చువఱకు ఓర్చుకొందురు గాక.

లేఖ వ్రాసినవారు బడిలో పంతులమ్మ. ఆమెయు, మఱి యిద్దఱు స్నేహితురాండ్రును గలసి యొక పాడ్‌కాస్టు ప్రారంభింపదలచినారట. చేపలవేటను గూర్చియు, సముద్రమును కాపాడుకొనుటను గూర్చియు నందు మాటలాడవలెనని వారి సంకల్పము. రెండవ స్నేహితురాలి యింట పట్టుపురుగుల పెంపకము. మూడవ యామె బెస్తవారి యాడపడుచు. చెఱువులో పట్టిన చేపలను గంపలో నెత్తికెత్తుకొని యిల్లిల్లు తిరిగి యమ్ముకొని పిల్లలను పెంచుచున్నారు. సంగతి తెలియగానే పంతులమ్మగారి మామగారు "సముద్రం యాడ, పరిగి యాడ?" అని పకపక నవ్విరట. అత్తగారు నవ్వలేదు. "ఆ ఫోను పట్టుకొని ఎవరితో మాట్లాడతారే మీరు?" అని మాత్ర మడిగిరట. ఇక మూడవ స్నేహితురాలు "నా మాట బాగుండదక్కా, నేను చెప్పేది నువ్వే చక్కగా చెప్పు" అని వెనుకకు తగ్గుచున్నారట. వీరి మువ్వురి మాటలకును మేమేమి సమాధానము చెప్పుదుమో యని పరిగిలో నెదురుచూచుచున్నారు. మాకు దోచినంతవఱకు మామగారి నవ్వునకు జవాబు సులభము. ఆ చెలి వెనుకాటునకు జవాబే కష్టము.

పాడ్‌కాస్టనగా నేమో యెఱుగని పెద్దలు మా చదువరులలో ననేకులు గలరు. వారికొఱకు రెండుమాటలు. రేడియోలో మాట గడియారమునకు లోబడి యుండును. ఆ వేళకు మనము వినకపోతిమా, అది గాలిలో గలిసిపోవును. పాడ్‌కాస్టులో మాటలను ముందుగానే ఫోనులోని కెక్కించి, ఇంటర్నెట్టులో నొకచోట భద్రపఱచుదురు. వినదలచినవారు తమకు తీరికయైనప్పుడు తమ ఫోనులో వినవచ్చును. కావలసినచోట నాపి, తక్కినది మఱునాడు వినవచ్చును. పేరు క్రొత్తదే, 2004లో నొక ఆంగ్లపత్రికలో పుట్టినది. శ్రవ్యపత్రిక యని మనము పిలుచుకొన్నను తప్పులేదు. పని మాత్రము మనకు క్రొత్తగాదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మదరాసు రేడియోనుండి పిల్లలతో ముచ్చటించుచుండగా తెలుగువారందఱును వారిని రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య యని పిలుచుకొన్నారు. కన్నులతో జూడని మనిషిని గొంతునుబట్టియే అక్కయ్యను జేసికొనుట మన జాతికి తెలిసిన విద్య.

మా పత్రికకు నష్టము దెచ్చు మాటయైనను ఒకటి చెప్పక తప్పదు. పత్రిక చదువుటకు కన్నులును చేతులును రెండును గావలయును. పగలు చేతులు ఖాళీగానున్న స్త్రీని మేమింతవఱకు చూచియుండలేదు. వినుటకు చెవులు చాలును. మల్బరీయాకు కోయునప్పుడును, చేటలో వేరుసెనగలు చెఱుగునప్పుడును, రొట్టె తట్టునప్పుడును చెవులు పనిలేకయే యుండును. అక్షరములు రాని ముసలమ్మకును, పట్టభద్రురాలగు మనుమరాలికిని ఒకే పీటపై కూర్చుండి వినదగినది యిది. కావున ఈ సోదరీమణుల సంకల్పము మాకు మిక్కిలి నచ్చినది.

మామగారి ప్రశ్నకు వత్తము. భారతదేశపు సముద్రములను రేయుంబవళ్లు కనిపెట్టియుండు కేంద్రప్రభుత్వసంస్థ యొకటి కలదు. ఇన్‌కాయిస్ అని పొడియక్షరములతో దానిని పిలుచుదురు. అది 1999లో ఏర్పడినది. సముద్రపునీటి వేడిమిని, అందు పెరుగు నాచుయొక్క పచ్చదనమును ఉపగ్రహములనుండి కొలిచి, చేప యెచ్చట గుమిగూడి యుండవచ్చునో తెలుగులోగూడ జాలరులకు తెలుపుచుండును. 2004 డిసెంబరు సునామీ పిదప, 2007లో దేశమున కంతటికిని సునామీ హెచ్చరికల కేంద్రము దానియందే నెలకొల్పబడినది. అట్టి సంస్థ యున్నదెచ్చట? హైదరాబాదులో! అచ్చటనుండి యే మేడ యెక్కి చూచినను సముద్రము కనబడదు. హైదరాబాదునకు లేని యాక్షేపణ పరిగి కేల?

అదియునుగాక, పరిగికి సముద్రముతో చుట్టఱికము లేదనుట సరిగాదు. నందికొండల ప్రాంతమున పుట్టిన పెన్న గౌరీబిదనూరు మీదుగా హిందూపురపు సీమలో ప్రవేశించుచున్నది. తుమకూరు జిల్లా దేవరాయనదుర్గమున బుట్టిన జయమంగళి వచ్చి పరిగి ప్రాంతముననే దానితో గలియుచున్నది. అచ్చటనుండి యా నీరు ఉత్తరముగా బోయి, తూర్పునకు తిరిగి, కడప, నెల్లూరు జిల్లాలను దాటి ఊటుకూరు దగ్గఱ బంగాళాఖాతమున బడును. నది పొడవు మొత్తము 597 కిలోమీటర్లు. పరిగి వాగులో నెవరో విసిరిన ప్లాస్టిక్కు సంచి వెంటనే సముద్రము చేరదు నిజమే. ఎండు సంవత్సరములలో ఇసుకలో పూడియుండును. పెన్న పొంగిన యేట, 2021 నవంబరులో నెల్లూరివారు చూచినట్టి వఱద వచ్చిననాడు, దాచుకొన్నదంతయు నొక్కసారిగా నప్పగించి వచ్చును.

క్రిందికి పోవు చెత్తకంటె, క్రిందికి పోని నీటి మాట యింకను పెద్దది. మన సీమలో వానచుక్క యొక్కటియు వృథాగా సముద్రము పాలు గారాదని చిన్ననాటినుండి వినుచున్నాము. కరవుసీమలో నట్లు పలుకుటలో తప్పేమియు లేదు. మధ్యపెన్న, మైలవరము, సోమశిల జలాశయములు లేనిదే ఎన్నియో వేలకుటుంబములకు కూడు లేదు. కాని జాలరి కన్నులతో జూచిన, నది మోసికొనివచ్చు మంచినీరును ఒండ్రుమట్టియు సముద్రమునకు వృథా గాదు. నదియు సముద్రమును గలియుచోట నీరు సగము ఉప్పగా నుండును; రొయ్యపిల్లయు, పీతపిల్లయు, అనేకజాతుల చేపపిల్లలును పసితనము గడపునది యచ్చటనే. ఏటినీటి త్రోపుడు తగ్గినకొలది ఇసుక మేటవేసి ముఖద్వారము మూయుచుండును. నెల్లూరు సీమకు దక్షిణమున పులికాటు సరస్సునకు సముద్రముతోడి ద్వారములు పూడిపోవుటచే అచ్చటి జాలరిపల్లెలు పడుచున్న బాధ మనకు తెలిసినదే. గోదావరిజిల్లాల పులస చేపను గూర్చి మా చదువరులు విననివారుండరు. అది సముద్రమున పెరిగి, వఱదనీరు రాగానే గ్రుడ్లు పెట్టుటకు నది కెదురీది వచ్చును. గంగానదిపై 1975లో ఫరక్కా ఆనకట్ట కట్టిన పిదప ఎగువ పట్టణములవారికి ఆ చేప కన్నులబడుటయే యరుదైనది. ఎగువ నున్నవారు సముద్రసంగతి మాటలాడనిచో మఱియెవరు మాటలాడవలయును? మామగారిని మొదటి సంచికలోనే కూర్చుండబెట్టి, పెన్న నిండుగా పారిన యేడులు తమ యెఱుకలో నెన్నియో చెప్పుమని యడుగుడు. నవ్వు మానివేయుదురు.

సముద్రముతో ప్రారంభింపక చెఱువుతోనే ప్రారంభింపుడని మా సలహా. పరిగి చెఱువు ఆ ప్రాంతపు పెద్దచెఱువులలో నొకటి. చెఱువు నిండి మరువ పారిననాడు ఊరివారు గంగమ్మకు పూజ సేయుదురు. వేటకు పోవునప్పుడు సముద్రపుజాలరి మ్రొక్కునదియు గంగమ్మకే. నామము నొకటే, భయము నొకటే. ఆ చెఱువులోని చేపల పేర్లు ముందు కూర్చుకొనుడు. బొచ్చె, శీలావతి, కొరమీను, జెల్ల, వాలుగ యని పుస్తకములలో నున్నవి గదా, వానిని పరిగిలో నేమందురు? కన్నడ మాటలాడు ప్రక్కయూరిలో నేమందురు? కానాగంత, కవళ్లు, నెత్తళ్లు, చందువ, వంజరము అని తూర్పుతీరమున పలుకు పేర్లలో నెన్ని హిందూపురపు బజారులో చెల్లును? ఒక సంచికకు చాలినంత వినోద మందే కలదు.

అమ్మతనమును గూర్చి ముచ్చటింపదలచినచో తిలాపియా చేప కథ చెప్పుడు. జిలేబి యని పలుతావుల పిలుతురు. అది ఆఫ్రికాఖండపు చేప. 1952లో మన దేశమునకు తెచ్చిరి. తల్లి గ్రుడ్లను నోటిలో బెట్టుకొని, పిల్లలు పొదుగువఱకు మేత మాని తిరుగును. పొదిగిన పిల్లలుగూడ బెదరినప్పుడు తల్లినోటనే దూరును. ఇంతటి తల్లిని మెచ్చుకొనని వారెవరు? ఆ తల్లి సంరక్షణవలననే దాని సంతతి విస్తరించి, మన చెఱువులలోని మేతకును చోటునకును స్వదేశపుచేపలతో పోటీపడుచున్నది. మంచియు చెడ్డయు నొకే నోటిలో నున్న యిట్టి కథలు చెవికి బాగుగా నెక్కును.

ఇక అత్తగారి ప్రశ్న. ఎవరితో మాటలాడుదురు? ఈ ప్రశ్నను తేలికగా ద్రోసివేయుట మాకిష్టము లేదు. ఆడువారి గొంతు అపరిచితుల చెవిని బడినప్పుడు వచ్చు వెకిలిమాటలను ఆమె యూహించియే యడిగియుందురు. ఇంటి గుఱుతులు, పిల్లల బడి పేరు, రాకపోకల వేళలు సంచికలో చెప్పకుడు. వినువారు వ్రాయు అభిప్రాయములను ముందుగా చదివి, తగినవానినే యుంచుడు. ఇంతమాత్రపు జాగ్రత్త చాలును. తక్కిన సమాధానము మాచునూరు చెప్పును.

మాచునూరు జహీరాబాదు దగ్గఱ పల్లె. అచ్చటి దళితస్త్రీలు, కూలినాలి చేసికొనువారు, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తోడ్పాటున సంఘములుగా గూడి, తమకొక రేడియో కావలెనని 1990ల తుదిలోనే కోరుకొనిరి. గాలిలోని తరంగములు ప్రజల యాస్తి యని సుప్రీముకోర్టు 1995లో తీర్పు చెప్పియుండెను. అయినను వారికి ప్రసారపు అనుమతి రాలేదు. వారు చేతులు ముడుచుకొని కూర్చుండిరా? మాటలను, పాటలను, విత్తనముల ముచ్చటలను టేపులలోని కెక్కించి, సంఘము కూడినచోటికి ఆ టేపులను గొనిపోయి వినిపించిరి. ఇట్లు పదియేండ్లు! తుదకు 2008 అక్టోబరు 15వ తేదీన సంఘం రేడియో గాలిలోని కెక్కినది. 1995 నాటి తీర్పు చెప్పిన న్యాయమూర్తి పి. బి. సావంతుగారే వచ్చి ప్రారంభించిరి. నడిపించినవారు జనరల్ నర్సమ్మ, ఆల్గోలు నర్సమ్మ యను నిద్దఱు యువతులు. ఆ పదియేండ్ల టేపులనే మేము తెలుగునాట తొలి పాడ్‌కాస్టు లనుకొనుచున్నాము. నేడు పాడ్‌కాస్టునకు రేడియోవలె ప్రసారపు అనుమతిపత్ర మక్కఱలేదు. పరిగి సోదరీమణులకు ఆ పదియేండ్ల నిరీక్షణము తప్పినది.

పరిగికి మఱింత చేరువగా, కోలారు జిల్లాలో బూదికోట కలదు. హైదరాలీ పుట్టినయూరు. అచ్చటివారును అనుమతి లేనికాలమున, 2003లో, టెలివిజను కేబులు తీగలలోనే తమ మాటలను ఇంటింటికి పంపిరి. రామేశ్వరపు దీవిలో, పాంబనునందు, 2016నుండి కడల్ ఓసై యను జాలరుల రేడియో నడచుచున్నది. కడల్ ఓసై యనగా సముద్రఘోష. వేటపడవలోనున్నవారు దానిని వినుచు వల లాగుదురు. సముద్రసంరక్షణమును గూర్చి జాలరులకు జాలరులే చెప్పుట అచ్చటి విశేషము. ఈ మూడును పట్టణపు విద్వాంసులు పల్లెవారికి బోధించుటకు బెట్టినవి గావు. పల్లెవారు తమలో తాము మాటలాడుకొనుటకు బెట్టుకొన్నవి. అత్తగారితో చెప్పుడు, మీరు మాటలాడునది మీవంటివారితోనే యని.

ఇప్పుడా మూడవ స్నేహితురాలి మాట. "నేను చెప్పేది నువ్వే చక్కగా చెప్పు" అన్నారట. పంతులమ్మగారూ, ఆ మాట నంగీకరింపకుడు. చక్కగా ననగా నేమి? ఆమె ముప్పదియేండ్లుగా గంప దింపి బేరము చేయు భాష వినువారికి తెలియదా? చేప తాజాదో కాదో మొప్పలెత్తి చూపుచు నామె చెప్పు నాలుగుమాటలను మీరు బడిభాషలోనికి దిద్దితిరా, అందులోని చేప చచ్చినట్లే. మా లేఖిని గ్రాంథికమును విడువలేక పట్టుకొని వ్రేలాడుచున్నది, నిజమే. అది కాగితముపై చెల్లును. చెవిదగ్గఱ మాత్రము ఎవరి మాట వారిదే కావలయును. సీమపలుకును, అందులో గలిసిన కన్నడపుమాటలును అట్లే యుండనిండు. నెల్లూరివారికి తెలియని మాట వచ్చినప్పుడు ఆపి, ఆమెనే యర్థ మడుగుడు.

ఆమె గొంతు గావలెననుటకు ఇంకొక కారణము కలదు. సంరక్షణమను పేరుతో ఒడ్డుననున్నవారు నీటిలోనున్నవారికి చెప్పు నీతులు మాకు రుచింపవు. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని ప్రతియేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు, 61 దినములు, తూర్పుతీరమున యంత్రపుపడవల వేట నిషిద్ధము. మంచి నియమమే. మన రాష్ట్రమున ఆ దినములకు వేటకుటుంబమున కిచ్చు భృతి 2025లో పదివేలనుండి 20,000 రూపాయలకు పెరిగినది. సంతోషమే. కాని యీ సాయము పడవమీద వేటకు పోవువారి పేరనే వచ్చును. వారు తెచ్చిన చేపను కొని, ఎండబెట్టి, గంపకెత్తి సంతకు మోయు స్త్రీకి ఆ రెండునెలలు గంప ఖాళీ. ఆమె పేరు జాబితాలో లేదు. ఈ సంగతి పంతులమ్మ చెప్పిన సమాచార మగును. పరిగి గంపమ్మ ఊటుకూరు గంపమ్మ నడిగి చెప్పించిన వేఱు విధముగా వినబడును.

గుజరాతు తీరమున జరిగిన యొక ముచ్చట చెప్పెదము. తిమింగలసొర యనునది సొరజాతిలోనే కాదు, చేపలన్నిటిలోను పెద్దది. మనిషి జోలికి రాదు. దాని కాలేయపు నూనెకై, మాంసమునకై అచ్చటి జాలరులు వందలకొలది వేటాడుచుండిరి. 2001లో దాని వేటను చట్టము నిషేధించినది. చట్టమును చదివి యెవరు మారుదురు? 2004లో రామకథాప్రవచనకారులగు మొరారి బాపు ఈ పనికి గొంతిచ్చిరి. ఆ చేప మన తీరమునకు వచ్చుట బిడ్డ పురిటికి పుట్టింటికి వచ్చుట వంటిదని యాయన చెప్పిరి. పుట్టింటికి వచ్చిన బిడ్డపై బరిసె విసరు తండ్రి యుండునా? నాటినుండి వలలో బడిన తిమింగలసొరలను జాలరులు తమ వలలను తామే కోసి విడువనారంభించిరి; ఇట్లు విడుదలయైనవి వందలకొలది. దీనిలో రెండవభాగము కూడ చెప్పవలయును, ఏలనన సాధారణముగా నది మఱచిపోవుదురు. కోసిన వలకు ప్రభుత్వము వెల చెల్లించుచున్నది. మాట మనసును మార్చినది, వెల యింటిని నిలిపినది. కేవలము మాట చాలునని మా పరిగి చెల్లెండ్రు భ్రమపడకుందురు గాక.

మన తీరమున నిట్టిదే తాబేళ్ల కథ. ఆలివ్ రిడ్లీ యను సముద్రపు తాబేలు చలికాలపు చివర మన యిసుకతిన్నెలకు వచ్చి, గోయి త్రవ్వి, నూఱు గ్రుడ్ల వఱకు పెట్టి, మఱల చూడకయే పోవును. తాబేలు చేప గాదు. గాలి పీల్చుటకు పైకి రావలయును. యీడ్పువలలో చిక్కిన తాబేలు పైకి రాలేక నీటిలోనే యూపిరాడక చచ్చును. 2025 జనవరిలో చెన్నై తీరమున వందలకొలది యిట్లు కొట్టుకొనివచ్చినవి. వలలో తాబేలు తప్పించుకొనిపోవు ద్వార మమర్చవచ్చును. ఆ ద్వారమునుండి కొంత చేపయు జారిపోవునని పడవవారి భయము. ఆ భయమును పరిహసింపక అడిగి వినిపింపుడు.

వేటవిషయములలో జాలరులందఱు నొకవైపును, తక్కినవారు నొకవైపును ఉందురనుకొనుట పొరపాటు. తీరమునుండి ఎనిమిది కిలోమీటర్ల లోపలిభాగమును చిన్నపడవలవారికి విడిచిపెట్టవలెనని మన రాష్ట్రపు 1994వ సంవత్సరపు చట్టము ననుసరించిన నియమము. అయినను 2022 జనవరిలో విశాఖ తీరమున రింగువలల విషయమై జాలరులలోనే రెండుపక్షములు సముద్రముమీద తలపడి, పడవలు తగులబడినవి. ఒక వలకు కొలది గంటలలో వచ్చిన చేప, ఇంకొక వలకు నెలంతయు రాకపోవుట దానికి మూలము. ఇరువురును అప్పులు చేసియే వల కొన్నవారు. ఇట్టి సంగతి వచ్చినప్పుడు రెండు గొంతులును వినిపింపవలయును. రెండవ గొంతు దొరకనిచో ఆ సంచికను ఆపియుంచుటయే న్యాయము.

ఒక విషయమున మాత్రము మేము కఠినముగా నిషేధింపక తప్పదు. వాతావరణవార్తలు చెప్పకుడు. పాడ్‌కాస్టును మంగళవారము పెట్టిన, వినువారు శనివారము వినవచ్చును. మంగళవారమునాటి "సముద్రము ప్రశాంతము" అను మాట శనివారము ప్రాణము తీయును. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేలకు పైగా ప్రాణములు పోయినవి. తెలియవలసినమాట తెలియవలసినవేళకు తెలియకపోవుట యనగా నేమో తెలుగుతీరమున కాపురమున్నవారికి చెప్పనక్కఱలేదు. హెచ్చరికలు వాతావరణశాఖవారివి, హైదరాబాదు సంస్థవారివి. వానిని ఎట్లు పొందవలయునో, జెండాల గుఱుతు లేమో, నంబరు హెచ్చరిక యనగా నేమో వివరింపుడు. అది యెన్నటికిని పాతబడదు.

పనిముట్ల విషయమున ఆర్భాట మక్కఱలేదు. ఉన్న ఫోను చాలును. దుస్తులకు తగిలించుకొను చిన్న మైకు ఒకటి కొన్న మేలు. గోడలు బోడిగానున్న గదిలో మాట ప్రతిధ్వనించును. బొంతలు, దుప్పట్లు, పట్టుచీరల బీరువా ఉన్న గదిలో కూర్చుండుడు. రెండవ స్నేహితురాలు తమ పట్టుపురుగుల గది నిశ్శబ్దముగా నుండునని వ్రాయించినారు. ఆ గది వలదు. నాలుగవ జ్వరము దాటిన పురుగులు ఆకు నమలుచుండగా వానచినుకులు పడినట్లు చప్పుడగును. మైకునకు మనకంటె చెవులు మెండు. అయితే ఆ చప్పుడునే యొకనాడు వేఱుగా పట్టి వినిపించిన నెల్లూరి పిల్లలు మురిసిపోవుదురు. చెఱువుగట్టునకు పోయినప్పుడు ముందు రెండునిముషములు ఏమియు మాటలాడక, వల విసరినప్పటి చప్పుడును, కొంగల యఱపును ఎక్కించుకొనుడు. సంచిక పదునైదు నిముషములకు మించనీయకుడు. నెలకు రెండు చాలును. వారమునకు మూడని ప్రతిజ్ఞ పట్టి ఉగాదికి మొదలుపెట్టి శ్రావణమునకు మానినవారిని మే మెఱుగుదుము. ఎవరి గొంతు ఎక్కించినను ముందుగా నడిగి, ఎక్కించినపిదప వారికి వినిపించి, "ఇది లోకమునకు పెట్టవచ్చునా?" అని రెండవసారి యడుగుడు. మొదటిసారి తలయూపినవారు రెండవసారి వలదనవచ్చును. ఆ హక్కు వారిది.

డబ్బుమాట ముందే తేల్చుకొనుడు. పంతులమ్మగారికి ఆదివారము సెలవు. గంప మోయు నామెకు సెలవుదినము లేదు. ఆదివారమే బేర మెక్కువ. ఆమె రెండుగంటలు మీతో కూర్చుండిన, ఆ చేప సాయంకాలమునకు సగము వెలకు పోవును. ఆ నష్టమును ముగ్గురును పంచుకొనవలయును. రేపు ప్రకటనలవలన నాలుగురూపాయలు వచ్చిన, వానిని గూడ మూడు సమభాగములు చేయుడు. పేర్లు చెప్పునప్పుడు ఆమె పేరు మొదట చెప్పుడు. ఆమెను అతిథిగా పిలిచినట్లు గాక, ఇల్లు ఆమెదే యైనట్లు.

ఊటుకూరు ప్రయాణము తొందరపడి పెట్టుకొనవలదు. చెఱువు మీదను, నది మీదను నాలుగైదు సంచికలు వచ్చినపిదప, వేట నిలిచియుండు ఏప్రిల్, మే నెలలలో పొండు. తీరమునందలి స్త్రీలకు మాటలాడుటకు తీరికయుండునది యప్పుడే. బడికిని వేసవి సెలవులే. మూడవ స్నేహితురాలి ప్రయాణపు ఖర్చు ముందే తీసిపెట్టుడు. ఆమె యింతవఱకు సముద్రమును చూడలేదని లేఖ చివర సన్నని యక్షరములతో వ్రాసినారు. ఒడ్డున దిగినప్పుడు మైకు ఆమెచేతనే యుండనిండు.